ఐదు చోట్ల నిలిచిన ఆటగాడు

ఆటలను గూర్చి రేడియోలో చెప్పు మావంటివారికి ఒక సౌలభ్యమును, ఒక దోషమును కలవు. బంతి ఎచట ఉన్నదో మాట అచటనే ఉండును. బంతి వెంట మా మాటయు, మా మాట వెంట వినువారి మనస్సును పరుగెత్తును. ఇది సౌలభ్యము. బంతి లేనిచోట జరుగు పని ఎంత గొప్పదైనను సాధారణముగా మా నోట రాదు. ఇది దోషము. ఈ దోషమునకు కొంత పరిహారముగా, బంతితో పరుగెత్తుట తన పనియే కాని ఒక ఆటగానిని గూర్చి నేడు ముచ్చటింపదలచినాము. ఆయన పేరు బ్రూస్ మాథ్యూస్. దేశము అమెరికా, ఆట అచటి ఫుట్‌బాల్. ఆయన 1983 నుండి 2001 వరకు, అనగా పందొమ్మిది ఋతువులు ఆడెను. అందులో మొదటి ఐదారేండ్లను గూర్చియే మేము ఎక్కువగా చెప్పుదుము. కీర్తి వచ్చిన తరువాతి కథ నలుగురు చెప్పుచునే ఉందురు. అది రాకముందు ఆయన ఏమి చేసెనో తెలిసినవారు తక్కువ.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. ఆ బంతి గుండ్రముగా ఉండదు. కోలగా, రెండు కొనల యందును సన్నగా ఉండును. దానిని కాలితో తన్నుట అప్పుడప్పుడు మాత్రమే. చేతబట్టి పరుగెత్తుటయు, చేతితో ముందుకు విసరుటయు ప్రధానము. జట్టునకు పదునొకండుగురు ఆటగాండ్రు. ఆటస్థలము గీతనుండి గీతకు నూరు గజములు. బంతి తమ అధీనమున ఉన్న జట్టునకు నాలుగు ప్రయత్నములు లభించును. ఆ నాలుగింటిలో పది గజములు సాగగలిగినచో మరల నాలుగు ప్రయత్నములు; సాగలేనిచో బంతి ఎదుటివారి పాలగును. ఇట్లు పదేసి గజములుగా నేలను గెలుచుకొనుచు పోవుటయే ఈ ఆట.

దాడి సలుపు జట్టు ముందువరుసలో ఐదుగురు నిలుతురు. నడుమనున్నవాడు సెంటరు. ఆయన వంగి, నేలమీది బంతిని తన కాళ్ళ సందునుండి వెనుకనున్న నాయకునకు అందించును. ఆ నాయకుని క్వార్టర్‌బ్యాక్ అందురు. సెంటరునకు ఇరుప్రక్కల ఇద్దరు గార్డులు; వారికి ఆవల ఇరుకొనలను ఇద్దరు టాకిళ్ళు. ముందుకు విసరిన బంతిని పట్టుకొనుటకు ఈ ఐదుగురును నియమము ప్రకారము అర్హులు కారు. దూసుకొనివచ్చు ఎదుటి బలశాలులను అడ్డగించుటయే వారి పని. బంతితో పరుగెత్తువానికి వారు త్రోవ తీయవలెను. బంతి విసరువానికి రెండు మూడు సెకనుల వ్యవధి కల్పింపవలెను. మరునాటి పత్రికలో పరుగెత్తినవాని పేరున గజములు వ్రాయబడును. విసరినవాని పేరునను, పట్టినవాని పేరునను గజములు వ్రాయబడును. అడ్డుకొన్నవాని పేరున ఏ అంకెయు ఉండదు. ఆయన సంఖ్య మైదానమంతట వినబడునది సాధారణముగా తప్పు జరిగినప్పుడే. ఎదుటివానిని అక్రమముగా పట్టి ఆపినచో న్యాయనిర్ణేత ఆయన చొక్కామీది సంఖ్యను చదివి, పది గజముల శిక్ష ప్రకటించును.

దూరమునుండి చూచువారికి ఈ ఐదుగురును ఒక్కటే పని చేయుచున్నట్లు తోచును. నిజమున కది ఐదు పనులు. సెంటరు బంతిని అందించిన మరుక్షణముననే తలయెత్తి ఎదుటివానిని ఢీకొనవలెను. అంతకుముందే ఎదుటి వరుస అమరికను కనిపెట్టి తనవారికి కేక వేసి తెలుపవలెను. గార్డు పని ఇరుకు తావులో మిక్కిలి బరువైనవారితో. ఒక్కొక్కప్పుడు తన చోటు విడిచి, ప్రక్కకు పరుగెత్తి, బంతి పట్టినవానికి ముందు నడవవలెను. టాకిలు పని విశాలమైన తావులో వేగము గలవారితో. వెనుకకు అడుగులు వేయుచునే బలము నిలుపుకొనవలెను. ఎడమ టాకిలునకు మరియొక బరువు కలదు. కుడిచేతి వాటము గల క్వార్టర్‌బ్యాక్ బంతి విసరుటకు తిరిగినప్పుడు ఎడమప్రక్క ఆయన వెన్నువైపు అగును. ఆ వైపునుండి వచ్చువాడు ఆయనకు కనబడడు. ఆయన మేను ఎడమ టాకిలు చేతిలో ఉన్నదన్నమాట.

కుడి ఎడమల భేదము ఇంతటితో తీరదు. కుడి టాకిలు తన కుడికాలిని వెనుకకు పెట్టి నిలుచును; ఎడమ టాకిలు ఎడమకాలిని. మొదటి అడుగు, చేతి చాపు, నడుము మలుపు, అన్నియు అద్దములోని బింబము వలె తిరుగబడును. కాడికట్టిన ఎడ్లను చూచిన మన పల్లెవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. దాపటికి అలవాటుపడిన ఎద్దును వలపట కట్టినచో పది బారలు పోకముందే తడబడును. ఎద్దు బలము తగ్గలేదు. ప్రక్క మారినది, అంతే.

ఇట్టి ఆటలోనికి బ్రూస్ మాథ్యూస్ పుట్టుకతోనే వచ్చెనని చెప్పవచ్చును. ఆయన 1961 ఆగస్టు 8న ఉత్తర కరోలినా రాష్ట్రమందలి రాలీ నగరమున జన్మించెను. తండ్రి క్లే మాథ్యూస్ 1950లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టున ఆడి, కొరియా యుద్ధకాలమున సైనికసేవ చేసి, తిరిగివచ్చి మరి మూడు ఋతువులు ఆ జట్టుననే ఆడినవాడు. అన్న పేరును క్లేయే. అతడు తమ్ముని కంటె ఐదేండ్లు పెద్ద. 1978లో క్లీవ్‌లండు జట్టులో చేరి పేరు గడించినాడు. కాని అతనిది రక్షణ వరుస. అన్న పని వరుసను ఛేదించుట, తమ్ముని పని వరుసను నిలుపుట. తరువాతి కాలమున వీరిరువురు ఏటేట ఎదురుబొదురుగా నిలువవలసి వచ్చినది.

కాలిఫోర్నియాలోని ఆర్కేడియా ఉన్నత పాఠశాలలో బ్రూస్ ఫుట్‌బాలుతో పాటు కుస్తీయు పట్టెడివాడు. ముందువరుసవానికి కుస్తీ మంచి గురువు. నడుము దించి, ఎదుటివాని బరువును తనమీదికి తీసికొని, దానినే వానిపై త్రిప్పుట అచట నేర్చు విద్య. 1979లో ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. అంతకు ముందటి సంవత్సరమే, అనగా 1978లో, వృత్తి ఫుట్‌బాలు నియమములు మారినవి. విసరువానిని కాపాడునప్పుడు చేతులు చాచి, అరచేతులు తెరచి ఎదుటివానిని నెట్టుటకు అనుమతి లభించినది. అంతవరకు చేతులను శరీరమునకు దగ్గరగా ముడిచి, భుజములతో అడ్డవలసియుండెను. ఈ మార్పువలన పొడవైన చేతులును, చురుకైన పాదములును గలవారికి విలువ హెచ్చినది. ఆరడుగుల ఐదంగుళముల పొడవున్న ఈ యువకునకు కాలము కలిసివచ్చినదనుట తప్పు కాదు.

విశ్వవిద్యాలయముననే ఆయనను ఒక్కచోట నిలువనీయలేదు. గార్డుగా, సెంటరుగా, టాకిలుగా కూడ ఆడించిరి. 1981లో ఆ జట్టున మార్కస్ ఆలెన్ అను పరుగుగాడు ఒక్క ఋతువులో రెండువేల గజములకు పైగా పరుగెత్తి, దేశమున ఉత్తమ క్రీడాకారునకిచ్చు హైస్‌మన్ బహుమతిని అందుకొనెను. ఆ గజములలో ముందువరుసవారి చెమట ఎంత ఉన్నదో లెక్కించు కొలబద్ద లేదు. అయితే 1982లో మాథ్యూసునకు మోరిస్ బహుమతి అను మరియొక గౌరవము లభించినది. దీనిలో విశేష మేమనగా, విజేతను ఎన్నుకొనువారు పత్రికలవారు కారు, శిక్షకులు కారు. ఎదుటి జట్లలో ఆయనతో తలపడిన ఆటగాండ్రే. మోసేవానికి తెలియును కావడి బరువు అని మనవారందురు. ఇచట ఢీకొన్నవానికే తెలిసినది గోడ బలము.

1983 ఏప్రిలులో వృత్తి జట్లు ఆటగాండ్రను ఎంచుకొను దినము వచ్చినది. ఆ యేడు మొదటి ఆవృత్తిలోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాకులు ఎన్నికైరి; దేశము చూపు వారిమీదనే ఉండెను. హూస్టను నగరపు ఆయిలర్స్ జట్టునకు రెండవ ఎంపిక హక్కు ఉండగా, వారు దానిని ఒక జట్టునకిచ్చి మూడవ స్థానమునకును, దానిని వేరొక జట్టునకిచ్చి తొమ్మిదవ స్థానమునకును దిగి, మాథ్యూసును తీసికొనిరి. అంతకు ముందేడు ఎనిమిదవ ఎంపికగా మైక్ మన్‌చాక్ అను గార్డును తెచ్చుకొనియుండిరి. ఇల్లు కట్టదలచినవాడు ముందు పునాది రాళ్ళు తెచ్చుకొన్నట్లు వారు రెండేండ్లు వరుసగా ముందువరుసకే ఖర్చుపెట్టిరి.

కాని రాళ్ళు వచ్చినంత మాత్రమున ఇల్లు లేవదు. 1983లో ఆయిలర్స్ ఆడిన పదునారు ఆటలలో గెలిచినవి రెండు. 1984లో మూడు. 1985లో ఐదు, 1986లో మరల ఐదు. నాలుగేండ్లలో అరువదినాలుగు ఆటలకు పదునైదు గెలుపులు! ఈ వ్యవధిలో ప్రధాన శిక్షకులు ఒకరి తరువాత ఒకరు మారిరి. ఎర్ల్ కాంప్‌బెల్ అను ప్రఖ్యాత పరుగుగాడు 1984లో వేరొక జట్టునకు వెడలిపోయెను. ఆ యేడే కెనడానుండి వారెన్ మూన్ అను క్వార్టర్‌బ్యాక్ వచ్చి చేరెను. పైకప్పు గల ఆస్ట్రోడోము క్రీడాశాలలో, కృత్రిమపు పచ్చికమీద, ఓడుచున్న జట్టున ఈ యువకుని మొదటి సంవత్సరములు గడచినవి.

ఆ సంవత్సరములలో ఆయన నిలిచిన చోట్లను చూడుడు. 1983లో కుడి గార్డు. 1984లో సెంటరు. ఆ యేడే హూస్టనువారు తమ మొదటి ఎంపికగా తెచ్చుకొన్న డీన్ స్టైన్‌కూలర్ అను టాకిలునకు మోకాలు దెబ్బతినగా, ఆ ఖాళీ పూరించుటకు మాథ్యూసు కుడి టాకిలు కావలసి వచ్చినది. 1985లోను అచటనే. 1986లో స్టైన్‌కూలర్ తిరిగి రాగా, మాథ్యూసును ఎడమ టాకిలు చేసిరి. అనగా కుడికాలు వెనుకనుంచి నిలుచుట అలవాటైన మరుసటి యేడే ఎడమకాలు వెనుకనుంచవలసి వచ్చినది. నాలుగేండ్లలో నాలుగు చోట్లు! ఇది చాలక, బంతిని దూరముగా తన్నునప్పుడును, గోలునకు తన్నునప్పుడును కాళ్ళ సందునుండి వెనుకకు పొడవుగా బంతి పంపు పనియు ఆయన నేర్చి చేసెను. దూరముగా తన్నునప్పుడు తన్నువాడు సుమారు పదునైదు గజముల దూరమున నిలుచును. తల క్రిందికి వంచి, అంత దూరము సూటిగా పంపి, మరుక్షణమున ఎదుటివాని తాకిడిని కాచుకొనవలెను.

ఇక ప్రధానమైన ప్రశ్నకు వత్తుము. ఈ సర్వసామర్థ్యము ఆయనకు మేలు చేసినదా, కీడు చేసినదా?

మన్‌చాక్ సంగతి చూడుడు. ఆయన ఎడమ గార్డుగా నిలిచినాడు, అచటనే వేళ్ళు తన్నినాడు. మూడవ ఏట, 1984లో, ఉత్తమ ఆటగాండ్రు ఆడు ప్రోబౌల్ అను గౌరవపు ఆటకు ఎన్నికైనాడు. మాథ్యూసు అదే వరుసలో, అదే ఓడు జట్టున, తక్కువ పని ఏమియు చేయలేదు. కాని ప్రోబౌలునకు ఎన్నుకొనుట స్థానములను బట్టి జరుగును. ఇన్ని గార్డులలో మేటి ఎవరు, ఇన్ని సెంటర్లలో మేటి ఎవరు అని చూతురు. ఏటేట చోటు మారువాడు ఏ పట్టికలో చేరును? సెంటరుగా గుర్తించులోపల టాకిలు. టాకిలుగా గుర్తించులోపల ఆవలి టాకిలు. మొదటి ఐదేండ్లలో ఆయనకు ఒక్క పిలుపైనను రాలేదు.

ఇచట మాకు మా వృత్తిలోని ఒక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒకప్పుడు మేము పనిచేసిన కేంద్రములో ఒక నిలయ విద్వాంసుడు ఉండెడివారు. మృదంగము వాయించువారు రాకపోయినచో ఆయన మృదంగము. ఘటము కావలసినచో ఘటము. కంజిర కావలసినచో కంజిర. ఎవ్వరును లేనినాడు తంబురా పట్టుకొని వెనుక కూర్చుండెడివారు. ఒక్కనాడైన కాదనలేదు. ఒకసారి ఆయన కాగితము ఒకటి పూర్తిచేయుచు మా బల్లకడకు వచ్చిరి. అందులో వాద్యము పేరు వ్రాయుటకు ఒక్క గడియే ఉన్నది. "అయ్యా, ఇందులో నన్ను ఏమని వ్రాసుకోమంటారు?" అని అడిగిరి. మేము నవ్వి ఏదో ఒకటి వ్రాయుడంటిమి. ఆయన నవ్వలేదు. ఆ గడి పెద్దదిగా చేయించవలెనని మాకు ఆనాడు తోచనే లేదు. ఆయన పదవీ విరమణ చేసినప్పుడు మృదంగ విద్వాంసుల జాబితాలోను ఆయన పేరు లేదు, ఘట విద్వాంసుల జాబితాలోను లేదు. తప్పు ఆయనది కాదు; గడి గీసినవారిది, దానిని చూచియు ఊరకున్న మావంటివారిది.

మాథ్యూసు విషయమున ఈ లెక్క 1987లో తేలవలసి వచ్చినది. ఒప్పందము గడువు తీరగా, కొత్త ఒప్పందమునందలి ప్రతిఫలముమీద జట్టునకును ఆయనకును పొత్తు కుదరలేదు. ఆ కాలమున ఒప్పందము తీరిన ఆటగాడు తన యిచ్చవచ్చిన జట్టునకు పోవుటకు నిజమైన స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛ కొఱకే ఆ శరత్తున ఆటగాండ్రు సమ్మె చేసిరి. అది వారికి లభించినది 1993లో. అందుచేత మాథ్యూసునకు ఉన్న సాధనము ఒక్కటే, ఆడక ఇంట కూర్చుండుట. పదునైదు ఆటల ఆ ఋతువులో ఆయన ఏడు ఆటలు విడిచెను. ఎవరిది న్యాయమో తీర్పు చెప్పుట మా పని కాదు. అయితే ఒక్కమాట అనవచ్చును. పరుగెత్తినవాడు తన గజములను బల్లమీద పరచి వెల అడుగగలడు. ఏ అంకెయు లేనివాడు ఏమి చూపి అడుగవలెను? తన లేమిని మాత్రమే చూపగలడు. మాథ్యూసు చూపినదియు అదియే.

చివరకు ఒప్పందము కుదిరినది. ఆయన తిరిగివచ్చి ఎనిమిది ఆటలు ఆడెను. ఆ యేడు ఆయిలర్స్ తొమ్మిది ఆటలు గెలిచి, 1980 తరువాత మొదటిసారి తుదిపోటీల దశకు చేరిరి; అదనపు సమయములో సియాటిల్ జట్టును 23-20తో ఓడించిరి. మరుసటి యేడు, 1988లో, శిక్షకులు మాథ్యూసును కుడి గార్డుగా నిలిపి, కదపక ఉంచిరి. ఆ యేడే ఆయన ప్రోబౌలునకు ఎన్నికయ్యెను. అది మొదలు 2001 వరకు ఏటేట, పదునాలుగు పర్యాయములు విడువక ఎన్నికయ్యెను. మొదటి ఐదేండ్లలో లేని శక్తి ఆరవ ఏట ఆకసమునుండి ఊడిపడలేదు. చూచువారు గుర్తుపట్టుటకు ఒక చోటు దొరికినది, అంతే.

అట్లయినచో ఆ తిరుగుడు వ్యర్థమేనా? కాదని మా అభిప్రాయము. 1991లో జట్టునకు సెంటరు కావలసి వచ్చినప్పుడు ఆయన సెంటరు అయ్యెను, అచటను ప్రోబౌలే. తరువాత ఎడమ గార్డు అయ్యెను; అచటను ప్రోబౌలే. ప్రక్కవాని పని తాను స్వయముగా చేసినవాడు కనుక వాడు ఏ అడుగు వేయునో, ఎచట ఆలస్యమగునో ఆయనకు ముందే తెలియును. ముప్పదియైదేండ్లు దాటి వేగము తగ్గినపుడు మనిషిని నిలుపునది ఈ తెలివియే. ఆయన ఆటల లెక్క చాల సులభము. పదునెనిమిది ఋతువులలో పదునారేసి చొప్పున రెండువందల ఎనుబదియెనిమిది; 1987లో ఎనిమిది; మొత్తము 296. అనగా ఒక్క 1987లో తప్ప ఆయన విడిచిన ఆట లేదు. ఆ విడిచిన ఏడును దెబ్బ తగిలి విడిచినవి కావు. ఆయన విరమించునాటికి, బంతిని తన్ను పనివారు తప్ప, ఆ సంఘమున అన్ని ఆటలు ఆడినవారు వేరొకరు లేరు. మొదటినుండి ఆడినవానిలో ఎడమ గార్డుగా 99, సెంటరుగా 87, కుడి గార్డుగా 67, కుడి టాకిలుగా 22, ఎడమ టాకిలుగా 17. ఐదు గడులును నిండినవి.

1997లో ఆ జట్టు హూస్టను విడిచి టెనెసీ రాష్ట్రమునకు తరలిపోయినది. మన్‌చాక్ అప్పటికి ఆట చాలించి ముందువరుసకు శిక్షకుడై, తన పాత స్నేహితునకే గురువయ్యెను. 2001లో మన్‌చాక్ ఒహైయో రాష్ట్రమందలి కాంటన్ నగరమున ఉన్న ఫుట్‌బాలు కీర్తిమందిరమున చేర్చుకొనబడినప్పుడు, ఆయనను సభకు పరిచయము చేసినవాడు మాథ్యూసు. 2007లో మాథ్యూసు వంతు వచ్చినప్పుడు పరిచయము చేసినవాడు మన్‌చాక్. ఎవరిచేత పరిచయము చేయించుకొనవలెనో ఎంచుకొను హక్కు అచట సన్మానితునిదే. ఒక్కచోట నిలిచినవాడును, ఐదు చోట్ల నిలిచినవాడును ఒకరి విలువ ఒకరెరిగియే ఎంచుకొనిరి.

ఈ ఆట మన ప్రాంతములలో ఆడువారు అరుదు. అమెరికాలో మీ బిడ్డలో, బంధువులో ఉన్నచో ఈ ఆట దృశ్యము మీ యింటికి కూడ రావచ్చును. అట్లు వచ్చినప్పుడు బంతి కదలిన మొదటి రెండు సెకనులు బంతిని చూడక, ముందు నిలిచిన ఐదుగురిని చూడుడు. ఆ ఆట సగము అచటనే తేలిపోవుట మీకు కనబడును. ఇక మీ కార్యాలయమునను, మీ బడియందును, మీ యింటను ఏ ఖాళీ వచ్చినను పూరించుచు, ఏ పేరును లేక తిరుగువారు ఒకరైన ఉందురు. వారిని ఏ గడిలో వ్రాయవలెనో వారే వచ్చి అడుగువరకు మనము ఆగనక్కరలేదు. మేము ఒకసారి ఆగితిమి. ఆ కాగితము మాకు నేటికిని కనబడుచునే ఉన్నది.